మస్కడే సుర్ లీ: ఆలుచిప్పల పక్కన పెట్టుకోవలసిన తెల్ల వైన్

ఫ్రాన్సు పడమటి తీరాన, ల్వార్ నది అట్లాంటిక్‌లో కలిసే చోటికి చేరువలో ఉన్న నాంత్ నగరం చుట్టుపక్కల తయారయ్యే తేలికపాటి తెల్ల వైన్ పేరు మస్కడే. పేరు వినగానే గుప్పుమనే పరిమళంతో ఉండే మస్కట్ వైన్ గుర్తుకు రావచ్చు గానీ, ఈ రెండింటి ద్రాక్షలూ వేరు. ఇది బర్గండీ నుంచి వచ్చిన మెలోన్ అనే ద్రాక్షతో చేసేది. 1709 నాటి భీకరమైన చలికి ఇక్కడి తోటలు దెబ్బతిన్న తరువాత, చలికి ఓర్చుకుంటుందని ఈ తీగను విస్తారంగా నాటారు.

నేను 9 యూరోలకు కొన్న సీసా సెవ్ర్, మేన్ నదుల పరిసరాల్లో పండినది, ఆల్కహాల్ 12 శాతం. చీటీ మీద ‘సుర్ లీ’ అన్న రెండు మాటలు చూసి మరీ తీసుకున్నాను. పులియడం పూర్తయ్యాక అడుగుకు దిగిన ఈస్టు మడ్డి మీదనే వైన్‌ను చలికాలమంతా కదపకుండా ఉంచి, వసంతం వచ్చాక అక్కడి నుంచే నేరుగా సీసాలకు ఎక్కించారని ఆ మాటలకు అర్థం. నాలుక కొసన సన్నగా చురుక్కుమనిపించే ఆ కొద్దిపాటి గ్యాసూ, పొంగిన రొట్టెపిండిని తలపించే ఆ వాసనా ఈ పద్ధతి వల్ల వచ్చినవే.

మొదటిసారి తొందరపడి సీసాను ఫ్రీజర్లో పెట్టడం నా పొరపాటు. గ్లాసులో పోసుకున్నది చల్లటి పుల్లనీళ్లలాగే అనిపించింది. పావుగంట గడిచి, గ్లాసు మీది చెమట ఆరుతున్నప్పుడు నిమ్మతొక్క, పచ్చి ఆపిల్ వాసనలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, చివరన కాస్త ఉప్పదనం కూడా తగిలింది. పది డిగ్రీల దగ్గర తాగవలసిన వైన్ ఇది, కనుక ఫ్రిజ్‌లోంచి పావుగంట ముందే బయట పెట్టడం మేలు. గ్లాసును మూడో వంతుకు మించి నింపకుండా, కాడ పట్టుకొని తాగాలి.

ఒట్టిగా తాగితే దీనికి పదికి ఆరు మార్కులే వేస్తాను. నాంత్‌లోని తలాన్సాక్ బజారులో అప్పటికప్పుడు విప్పించుకున్న పచ్చి ఆలుచిప్పలతో తాగినప్పుడు మాత్రం తొమ్మిది వేయక తప్పలేదు, ఎందుకంటే వాటి మీద నిమ్మరసం చేసే పనిని ఈ వైనే చేసిపెట్టింది. వెన్నతో చేసే ఇక్కడి తెల్ల సాసు పోసిన చేపకు కూడా ఈ పులుపు బాగా కుదిరింది.

మన వంటలతోనూ పరీక్షించాను. మిరియాలు, ఉప్పు మాత్రమే పట్టించిన రొయ్యల వేపుడుకూ, వేడివేడి ఉల్లిపకోడీకీ ఇది చక్కగా నప్పింది. నూనె జిడ్డును ఒక్క గుక్కతో కడిగేస్తుంది. చేపల పులుసు ముందు మాత్రం పూర్తిగా చేతులెత్తేసింది: చింతపండు ముందు వైన్ పులుపు వెలవెలబోయింది, కారమేమో నోట్లో రెట్టింపయింది. గోంగూర రొయ్యల విషయంలో సాహసం చేయలేదు.

మిగిలిన సగం సీసాకు బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే, మూడో రోజుకు ఆ చురుకుదనం పోయింది. దానితో వెల్లుల్లి వేసి మసెల్స్ అనే నల్లటి సముద్రపు చిప్పలను ఉడికించాను.