పోస్ట్‌డాక్ ప్రపోజల్ రాసిపెడతామని డబ్బు తీసుకునేవారితో జాగ్రత్త

మానవీయ శాస్త్రాల్లో పీహెచ్‌డీ ముగించి, రెండు మూడు శాస్త్రాలను కలిపే అంశంతో విదేశీ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయబోతున్న తెలుగు పరిశోధకుల కోసం ఇది రాస్తున్నాను. ఐరోపా సమాఖ్య ఇచ్చే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్‌కు 2024లో దరఖాస్తు చేసినప్పుడు, ప్రపోజల్ తయారీ నిమిత్తం ఒక కన్సల్టెన్సీకి 85,000 రూపాయలు చెల్లించాను. అందులో 6,000 ‘దరఖాస్తు రుసుము’ అన్నారు. ఆ ఫెలోషిప్‌కు దరఖాస్తు రుసుమే లేదని తరువాత తెలిసింది. అప్పుడే నిబంధనలు నేనే చదివి ఉంటే మొదటి రోజే వారిని వదిలేసేవాడిని.

నా అంశం కాకతీయుల కాలపు చెరువులు. కట్ట ఎవరు వేయించారో, ఏ భూమి దానమిచ్చారో శాసనం చెబుతుంది. కట్ట ఎత్తు, అలుగు, ఆయకట్టు విస్తీర్ణం వంటివి క్షేత్ర కొలతల్లోనూ ఉపగ్రహ చిత్రాల్లోనూ దొరుకుతాయి. ఈ రెండు సాక్ష్యాలూ పొసగని చోట దేన్ని ఎంతవరకు నమ్మాలన్నదే నా పరిశోధన ప్రశ్న. గడువు సెప్టెంబరు 11 కాగా, 8వ తేదీ రాత్రి వచ్చిన పది పేజీల ముసాయిదాలో ఆ ప్రశ్న ఎక్కడా లేదు. శాస్త్రాల సమ్మేళనం అన్న మాట మాత్రం పదిహేడుసార్లు ఉంది. శాసన పాఠాన్ని జలశాస్త్ర కొలతతో ఎలా పోల్చుతామో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన 1213 నాటి రామప్ప గుడి శాసనాన్ని రుద్రమదేవి కాలానిదిగా రాశారు. ఆ ఒక్క తప్పు చూసి నిద్ర పట్టలేదు; మిగిలిన మూడు రోజులూ పేజీలు తిరగరాయడంతోనే సరిపోయింది.

అయితే అసలు నష్టం ప్యానెల్ ఎంపికలో జరిగింది. దరఖాస్తు ఏ ప్యానెల్‌కు, అంటే ఏ శాస్త్ర విభాగానికి వెళ్లాలో, ఏ కీలకపదాల కింద చేరాలో మనమే ఎంచుకోవాలి. మూల్యాంకనం చేసే నిపుణులను వాటిని బట్టే నియమిస్తారు. ఆన్‌లైన్ వివరాలు తామే నింపుతామని నా లాగిన్ తీసుకున్న కన్సల్టెన్సీ వారు, చెరువులు అన్న మాట చూసి కాబోలు, సామాజిక, మానవీయ శాస్త్రాల ప్యానెల్‌ను వదిలి పర్యావరణ, భూశాస్త్రాల ప్యానెల్‌ను ఎంచుకున్నారు. గడువు ముగిసే బ్రసెల్స్ సమయం సాయంత్రం ఐదు, అంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర దాటాక గాని నేను దాన్ని గమనించలేదు. ఫలితంలో నిపుణులు జలశాస్త్ర నమూనా ప్రాథమిక స్థాయిలో ఉందని, శాసనాల పాత్ర స్పష్టం కాలేదని రాశారు. నాకు వందకు 66.8 వచ్చింది.

ఫెలోషిప్ రాలేదన్నది నా ఫిర్యాదు కాదు. ఆ ఏడాది 10,360 దరఖాస్తుల్లో 1,696 మాత్రమే ఎంపికయ్యాయి. కానీ 70 కంటే తక్కువ వచ్చినవారు మరుసటి ఏడాది అదే ఆతిథ్య సంస్థతో, అంటే మనం వెళ్లి పరిశోధన చేయబోయే సంస్థతో, మళ్లీ దరఖాస్తు చేయరాదన్న అప్పటి నిబంధన వల్ల, రెండేళ్లుగా నాతో ఉత్తరాలు నడిపి నన్ను నమ్మిన అక్కడి ప్రొఫెసర్‌కు నేను ముఖం చూపించలేని స్థితి వచ్చింది.

తరువాత, అదే కన్సల్టెన్సీకి డబ్బు కట్టిన మరొక పరిశోధకురాలు తన ముసాయిదా చూపించారు. ఆమెది నాటక రంగ చరిత్ర. అయినా ‘పరిశోధన ప్రభావం’ భాగంలో నాలుగు పేరాలు, పనుల కాలపట్టిక నాదానితో అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. మూల్యాంకనంలో ఆ భాగం వాటా 30 శాతం. ఇంకొక మిత్రుడు గడువుకు ముందటి మూడేళ్లలో 14 నెలలు జర్మనీలో ఉన్నాడని తెలిసీ, ఆ కన్సల్టెన్సీ వారు అతని చేత జర్మన్ విశ్వవిద్యాలయానికే దరఖాస్తు పెట్టించారు. 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలో నివసించినవారు అర్హులు కారన్న నిబంధనను చదవనైనా చదవకుండా డబ్బు తీసుకున్నారన్న మాట.

ఈ ఫెలోషిప్‌కు సంబంధించిన దరఖాస్తు మార్గదర్శిని, ఏటా వెలువడే హ్యాండ్‌బుక్ ఉచితంగా దొరుకుతాయి. సభ్యదేశాల్లోని జాతీయ సంప్రదింపు కేంద్రాలు కూడా రూపాయి తీసుకోకుండా సందేహాలు తీరుస్తాయి. భాష సరిదిద్దించుకోవడానికి డబ్బు ఇవ్వడంలో తప్పు లేదు. కానీ మీ రెండు శాస్త్రాలు ఎక్కడ కలుస్తాయో రాసే పని, ప్యానెల్ ఎంపిక, లాగిన్ ఇతరుల చేతిలో పెట్టకండి. గడువుకు కనీసం ఆరు వారాల ముందు ఆతిథ్య ప్రొఫెసర్‌కు, మీ శాస్త్రంలో ఒకరికి, అవతలి శాస్త్రంలో ఒకరికి ముసాయిదా చదివించండి. చెరువుల గురించి ఒక సివిల్ ఇంజినీర్ అడిగిన రెండు ప్రశ్నలు నాకు ఆ 85,000 కంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి. అవి గడువు ముగిశాక అడిగినవి కావడమే నా బాధ.

‘సేవా రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అన్న షరతు చూపించి వారు డబ్బు వాపసుకు ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో (ఫోన్ నంబరు 1915) నమోదు చేశాక, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. ఐదు లక్షల లోపు చెల్లింపులకు అక్కడ రుసుము లేదు. రెండేళ్ల లోపు వేయాలి. విచారణ నడుస్తున్నందున సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి ఒప్పందం మీరూ చేసుకుని ఉంటే, చెల్లింపు రసీదులు, వాట్సాప్ సంభాషణలు, వారు పంపిన మొదటి ముసాయిదా చెరిపేయకుండా దాచండి. నా ఫిర్యాదులో ఇప్పటివరకు బలంగా నిలిచినవి, ఇద్దరి ముసాయిదాల్లోనూ ఒకేలా ఉన్న ఆ నాలుగు పేరాలే.