ఐస్ స్కేట్లు కాలిని కరిస్తే టేపా, జెల్ ప్యాడా, బూటునే సరిచేయించడమా: ఏది మేలు?

ఐస్ స్కేటింగ్ మొదలుపెట్టిన పిల్లల కాళ్లు చూస్తే దెబ్బలు దాదాపు నాలుగు చోట్లే కనిపిస్తాయి. మడమ వెనుక బొబ్బ, చీలమండ ఎముక మీద ఎర్రటి కందు, లేసులు బిగించే చోట పాదం ముందు వైపు నొప్పి, చిటికెన వేలి పక్కన ఆనెకాయ. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో రింకుల్లో క్లాసు అయ్యాక బెంచీల మీద కూర్చుని పిల్లల సాక్సులు విప్పే తెలుగు అమ్మానాన్నలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అడిగితే ఒకరు వ్యాజిలైన్ అంటారు, ఒకరు జెల్ స్లీవ్ (కాలికి తొడిగే మెత్తటి జెల్ తొడుగు) కొనమంటారు, ఇంకొకరు రెండు జతల సాక్సులు వేయమంటారు. అన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసేవే. చిక్కల్లా మడమకు మేలు చేసింది చీలమండకు కీడు చేయడంలోనే ఉంది.

ముందు బొబ్బ ఎలా వస్తుందో చూడాలి. పైనుంచి గీకడం వల్ల చర్మం లేస్తుందనుకుంటాం. నిజానికి చర్మం సాక్సుకు అతుక్కుని కదలకుండా ఉంటుంది, లోపల ఎముక మాత్రం పైకీ కిందకీ కదులుతుంది. ఆ లాగుడుకు చర్మం లోపలి పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. చెమటతో చెమ్మగిల్లిన చర్మం ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. రింకులో ఎంత చలిగా ఉన్నా బూటు లోపల కాలికి చెమట పడుతుంది. పైగా స్కేటింగ్ బూటు మామూలు షూలాగా అడుగున వంగదు, కాబట్టి కదిలేదంతా పాదమే. మడమ దగ్గర బూటు వదులైతే బొబ్బ. చీలమండ దగ్గర, చిటికెన వేలి దగ్గర బూటు ఇరుకైతే కందు, ఆనె. ఒకదానికి చోటు ఎక్కువై, ఒకదానికి చాలక వచ్చిన తిప్పలు ఇవి. ఏ మందు ఎంచుకున్నా ఈ తేడా మర్చిపోకూడదు.

సాక్సుల సంగతి త్వరగా తేల్చేద్దాం. మొదటిసారి ఐస్ మీదకు వెళ్లేవాళ్లు చలికి భయపడి ఉన్ని సాక్సులు తొడుగుతారు. మందపాటి సాక్సు మడత పడుతుంది, బూటును ఇరుకు చేస్తుంది, రక్తం సరిగా పారక వేళ్లు ఇంకా చల్లబడతాయి. కాటన్ అయితే చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. సొంత బూటు ఉన్నవాళ్లకు పలచటి నైలాన్ లేదా పాలియెస్టర్ సాక్సు ఒక్కటి చాలు, ఫిగర్ స్కేటింగ్ చేసే అమ్మాయిలకు టైట్స్ సరిపోతాయి. అసలు సాక్సులే లేకుండా ఆడేవాళ్లూ ఉన్నారు. హాకీ దిగ్గజం బాబీ ఓర్ అలాగే ఆడేవాడు, స్పీడ్ స్కేటర్లలో చాలామంది ఇప్పటికీ అంతే. కానీ స్పీడ్ స్కేటర్ల బూటు చాలాసార్లు వాళ్ల కాలి అచ్చు తీసి చేసింది. అద్దె స్కేట్లలో ఉత్త కాళ్లు పెట్టడం మాత్రం వద్దే వద్దు, ఊళ్లోవాళ్లందరి చెమటా, ఫంగస్సూ అందులోనే ఉంటాయి. అద్దె బూట్ల పై అంచు పిక్క కింద కొట్టుకుంటుంది కాబట్టి అక్కడ మాత్రం కాస్త మందం, అంచు దాటి పైకి వచ్చేంత పొడుగు ఉన్న సాక్సు నయం.

ఇక అసలు పోటీ మైక్రోపోర్ టేపుకూ జెల్ ప్యాడ్‌కూ మధ్య.

మైక్రోపోర్ అంటే మన మెడికల్ షాపుల్లో కట్టు కట్టడానికి ఇచ్చే తెల్ల కాగితం టేపే. అమెరికాలో పేపర్ టేప్ అని ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. దాన్ని చిన్నచూపు చూడకండి. ఎడారుల్లో రోజుల తరబడి దాదాపు 250 కిలోమీటర్లు పరుగెత్తే అల్ట్రా మారథాన్ రన్నర్ల మీద స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. పాదంలో టేపు అంటించిన చోట్ల బొబ్బలు సుమారు 40 శాతం తగ్గాయని తేలింది. ఎడారి పరుగుకూ ఐస్‌కూ తేడా ఉందనుకోండి, కానీ చర్మం ఒకటే. టేపుకు మందం దాదాపు లేదు కాబట్టి బూటు కొలత మారదు. పీకినప్పుడు బొబ్బ పైతోలు ఊడి రాదు. ఆటగాళ్లు వాడే గట్టి స్పోర్ట్స్ టేపు బాగా అంటుకుంటుంది, కానీ తీసేటప్పుడు తోలుతో సహా వస్తుంది. పిల్లల ఏడుపు భరించలేం. మైక్రోపోర్‌కు ఉన్న లోపం తడికి ఊడిపోవడం. అందుకే కాలు పొడిగా ఉన్నప్పుడే, ఒక్క పొరగా, ముడత లేకుండా అంటించి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. బొబ్బ వచ్చాక కాదు, ఎక్కడ వస్తుందో తెలిసిన చోట క్లాసుకు ముందే పెట్టాలి.

జెల్ ప్యాడ్లు, సిలికాన్ స్లీవ్‌లు స్కేటర్ల బ్యాగుల్లో తప్పనిసరి సామాను అయిపోయాయి. వాటి పని వేరు. అవి ఒకచోట పడే ఒత్తిడిని చుట్టూ పంచుతాయి. లేసులు కోసే చోట వీటికి సాటి లేదు. ఉతికి మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి టేపు కంటే ధర చాలా ఎక్కువైనా అంత బాధ అనిపించదు. అయితే జెల్ కింద గాలి ఆడదు. గంట క్లాసు అయ్యేసరికి చర్మం నానిపోయి తెల్లబడుతుంది, నానిన చర్మం సులువుగా చిరుగుతుంది. రెండో సంగతి ఇంకా ముఖ్యం. చీలమండ ఎముక ఇరుకు బూటుకు ఒత్తుకుని ఎర్రబడితే, దాని మీదే ప్యాడ్ పెడతాం. ఉన్న చోటే చాలక నొప్పి వస్తోంటే అందులోకి ఇంకో మందం తోశామన్నమాట. మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది, తర్వాత నొప్పి మొదటికి వస్తుంది. అలాంటి చోట నొప్పి ఉన్న ఎముక మీద కాకుండా దాని చుట్టూ పెట్టాలి. మోల్‌స్కిన్ అని అంటుకునే మందపాటి గుడ్డ దొరుకుతుంది. దాన్ని మినపగారెలాగా మధ్యలో చిల్లు పెట్టి కత్తిరించి, ఎముక ఆ చిల్లులోకి వచ్చేట్టు అంటిస్తే ఒత్తిడి గారె అంచులు మోస్తాయి. మందపాటి ఫెల్టుతో చేసినా అంతే.

కాబట్టి నా లెక్క ఇది. మడమకు టేపు. లేసుల చోట జెల్. చీలమండకూ, చిటికెన వేలి పక్కకూ చిల్లు పెట్టిన మోల్‌స్కిన్, అది కూడా బూటును షాపుకు తీసుకెళ్లేదాకా మాత్రమే.

లేసుల నొప్పికి జెల్ కొనేముందు పైసా ఖర్చు లేని పని ఒకటి ఉంది. మన వాళ్లు భయంకొద్దీ పిల్లల లేసులు పైనుంచి కింది దాకా ప్రాణం పోయేట్టు బిగిస్తారు. పాదం మధ్య భాగంలో, చీలమండ మలుపు దాకా బిగుతు కావాలి. వేళ్ల దగ్గర కాస్త వదులు, పై కొక్కేల దగ్గర మోకాలు వంగేంత వదులు ఉండాలి. నొప్పి ఉన్న సరిగ్గా ఆ కొక్కెం వదిలేసి తర్వాతి దానికి లేసు వేసి చూడండి. టంగ్, అంటే లేసుల కింద ఉండే నాలుకలాంటి పట్టీ, పక్కకు జరగకుండా మధ్యలో ఉందా లేదా చూడండి. చాలామందికి దీంతోనే సగం తగ్గుతుంది. నడిచేటప్పుడు కూడా పాదం ముందు స్నాయువు నొప్పి పెడుతుంటే మాత్రం కొద్దిరోజులు ఐస్ మానేయాల్సిందే.

పౌడరా, వ్యాజిలైనా అన్న ప్రశ్నకు నా ఓటు రెండిటికీ లేదు. వ్యాజిలైన్, కొబ్బరి నూనె మొదట్లో బాగా జారుడు ఇస్తాయి, కాసేపటికి సాక్సు పీల్చేసుకుంటుంది. పైగా దాని మీద టేపు నిలవదు. చెమట ఆపే మందు సంగతి కాస్త ఆసక్తికరం. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో 667 మంది కేడెట్ల మీద చేసిన పరీక్ష 1998లో ప్రచురించారు. 21 కిలోమీటర్ల నడకకు ముందు కనీసం మూడు రాత్రులు 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం పాదాలకు రాసుకున్నవాళ్లలో 21 శాతానికి బొబ్బలొచ్చాయి, మందు లేని ఉత్త ద్రావణం రాసుకున్నవాళ్లలో 48 శాతానికి వచ్చాయి. సగానికి పైగా తగ్గినట్టే. కానీ మందు రాసుకున్నవాళ్లలో 57 శాతానికి చర్మం మండింది, అవతలి జట్టులో అది 6 శాతమే. పోటీలకు వెళ్లే పెద్దవాళ్లు, కాళ్లకు బాగా చెమట పట్టేవాళ్లు డాక్టర్‌ను అడిగి వాడుకోవచ్చు. పిల్లల కాళ్లకు ఈ మంట ఎందుకు?

బొబ్బ వచ్చేసింది, పొడవాలా వద్దా? చిన్నదైతే ముట్టుకోకండి, దాని పైతోలు కంటే మంచి కట్టు లేదు. పెద్దదై, నడవలేనంత నొప్పిగా ఉంటే స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున చిన్న చిల్లు పెట్టి నీరు పోనిచ్చి, తోలు అలాగే ఉంచి, వ్యాజిలైన్ రాసి కట్టు వేయాలి. వ్యాజిలైన్‌కు అసలు పని ఇక్కడ. తోలు ఊడి పచ్చిగా ఉంటే హైడ్రోకొల్లాయిడ్ బ్లిస్టర్ ప్లాస్టర్ (గాయం తేమను పీల్చుకుని జెల్‌లా మారే ప్లాస్టర్) మేలు. దాన్ని రోజూ మార్చకూడదు, దానంతట అది ఊడేదాకా ఉంచాలి. దాని మీదే స్కేట్ వేసుకుంటే అంచులు చుట్టుకుపోతాయి, కాబట్టి చుట్టూ మైక్రోపోర్ వేయండి.

చీలమండ ఎముక మీద మెత్తగా నీటి సంచిలా ఉబ్బితే అది బొబ్బ కాదు. ఎముకకూ చర్మానికీ మధ్య ఉండే తిత్తి వాచడం అది. ఫిగర్ స్కేటర్లలో మామూలే. దాన్ని ఇంట్లో సూదితో పొడిస్తే లోపలికి ఇన్ఫెక్షన్ వెళ్తుంది. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా టేపూ జెల్ చర్చ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లు పిల్లలతో పాటు సరదాగా ఐస్ ఎక్కుతుంటారు. కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ వచ్చినట్టే తెలియదు, వాళ్లు ఇంటి వైద్యం, ఆనెకాయలకు వేసే ఆసిడ్ ప్లాస్టర్లు రెండూ మానాలి.

ఇప్పటిదాకా చెప్పినవి కాలికి చేసేవి. బూటుకు చేసేవాటిలో మూడు దారులున్నాయి: వేడి చేసి అచ్చు వేయించడం, ఒత్తుకునే చోట పంచ్ చేయించడం, కొత్తది కొనడం.

ఇప్పటి బూట్లలో చాలావాటిని స్కేట్ షాపులో ప్రత్యేకమైన ఓవెన్‌లో సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొద్ది నిమిషాలు వేడి చేస్తారు. వేడిగా ఉండగానే తొడిగి, లేసులు కట్టి, చల్లారేదాకా కదలకుండా కూర్చోబెడతారు. కొత్త బూటు కొన్నరోజే చేయించాల్సిన పని ఇది. మొత్తం మీద కాలికి హత్తుకుంటుంది, కానీ ఒక్కచోట పొడుచుకొచ్చిన ఎముకకు దీంతో చాలినంత చోటు రాదు. అన్ని మోడళ్లూ వేడికి పనికిరావు, తయారీదారు ఒప్పుకుంటేనే చేయించాలి. ఇంట్లో వంట ఓవెన్‌లో పెట్టే ప్రయోగాలు వద్దు, జిగురు విడిపోతుంది.

ఎముక ఒత్తుకునేవాళ్లకు పంచింగ్ మేలు. బూటును ప్రెస్‌లో పెట్టి, లోపలి నుంచి బయటికి ఒక్క చోట నొక్కి గుంట చేస్తారు. కొత్త బూటు ధరతో పోలిస్తే ఖర్చు తక్కువ, ఫలితం శాశ్వతం. సరైన చోటు చూపించడానికి ఒక కిటుకు ఉంది. నొప్పి పెట్టే ఎముక మీద లిప్‌స్టిక్ రాసి, సాక్సు లేకుండా జాగ్రత్తగా కాలు బూటులోకి దించి తీస్తే లోపల మచ్చ పడుతుంది. సరిగ్గా ఆ మచ్చ దగ్గర నొక్కమనాలి. చీలమండకూ, చిటికెన వేలికీ, మడమ వెనుక ఎముక పెరిగినవాళ్లకూ నేను జెల్ కంటే ముందు దీన్నే చెప్తాను.

పంచింగ్ ఏమీ చేయలేనిది వదులు బూటును. ఇక్కడే మన అలవాటు దెబ్బ కొడుతుంది. ‘పెరిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దదే తీసుకుందాం’ అని స్కూలు బూట్లు కొన్న లెక్కలోనే స్కేట్లూ కొంటాం. హాకీ స్కేట్ల సైజు మామూలు షూ కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువే ఉంటుంది. ఫిగర్ బూట్లకు పాదం పొడవు, వెడల్పు కొలిచి, కంపెనీ పట్టిక చూడాలి. పెద్ద సైజు కొంటే మడమ లేస్తూనే ఉంటుంది, బొబ్బలు వస్తూనే ఉంటాయి. ఎన్ని టేపులు వేసినా ఆగవు. ఏడాదికోసారి కొత్తవి కొనడం భారమైతే, సరైన సైజులో వాడిన బూటు కొనండి. వదులైన కొత్త బూటు కంటే అదే నయం, పైగా మెత్తబడి ఉంటుంది. చీలమండ దగ్గర చేత్తో నొక్కితే మడత పడేంత సడలిపోయి ఉంటే మాత్రం వదిలేయండి.

ఇండియాలో గురుగ్రామ్ మాల్‌లోని రింకుకో, సిమ్లా చలికాలపు రింకుకో వెళ్లే మన పిల్లల్లో చాలామంది హైదరాబాద్, వైజాగ్‌లలో ఇన్‌లైన్ స్కేట్ల (చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండేవి) మీద నేర్చుకున్నవాళ్లే. ఇన్‌లైన్ బూటుకూ పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. స్పీడ్ బూట్లలో చాలా రకాలు వేడికి మెత్తబడేవే.

క్లాసు నుంచి వచ్చాక బూటు లోపలి అట్ట బయటికి తీసి ఆరబెట్టండి, బ్యాగులోనే వదిలేస్తే వేళ్ల సందుల్లో ఫంగస్ మొదలవుతుంది. పంచ్ చేయించేటప్పుడు మొదటిసారి తక్కువే నొక్కమని చెప్పండి. చాలకపోతే ఇంకోసారి నొక్కించుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి తేవడం కష్టం. మర్నాటి క్లాసుకు ఆ చోట మైక్రోపోర్ ఒక పొర వేసి పంపండి. పోటీ ఉన్న వారంలో మాత్రం బూటు జోలికి పోకండి.