చెరువులో గాలం: తెల్లవారుజామా, సాయంత్రమా?

చేప మేతకు లేచేది గడియారం చూసి కాదు, నీటి వేడి, ప్రాణవాయువు చూసి. కాబట్టి జవాబు కాలాన్ని బట్టి మారుతుంది.

వేసవిలో, నీళ్లు పచ్చగా పాకురెక్కిన చెరువైతే, తెల్లవారుజామును నమ్మకండి. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువును వాడేస్తుంది, సూర్యోదయానికి నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపైతే బొచ్చె, రోహు పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి. చేపలు కనిపిస్తున్నాయి కదా అని ఎర వేస్తారు, ముట్టవు. సాయంత్రం ప్రాణవాయువు పుష్కలం, కానీ పై నీరు కాగి ఉంటుంది. పొద్దు వాలే గంట ముందు బెండును (గాలం దారానికి కట్టిన, నీటిపై తేలే ముక్కను) దారం మీద కాస్త పైకి జరిపి, ఎరను లోతుకు దించండి. చీకటి పడేకొద్దీ గట్టువైపు రండి. తేట నీళ్ల చెరువులో మాత్రం తెల్లవారుజామే మేలు.

చలికాలంలో ఉదయం దండగ. నీరు 20 డిగ్రీల దగ్గరుంటే ఈ చేపలకు ఆకలి మందగిస్తుంది. ఎండెక్కాక లోతు తక్కువ నీరు ముందు వేడెక్కుతుంది, మధ్యాహ్నం నుంచి అక్కడే చూడండి.

కొరమీను లెక్క వేరు, గాలి పీల్చే చేప. వేసవి తెల్లవారుజామున కూడా తుంగ అంచుల్లో బతికున్న చిన్న చేప ఎరకు దొరుకుతుంది.

బొచ్చెకు బెండు కింద రెండు మూడడుగులు, అడుగున మేసే ఎర్రమోసు చేపకు ఎర నేలను తాకేలా. ఈ లోతు తప్పితే ఏ పూటైనా ఒకటే.