గట్టు మీద రాత్రి నిద్రకి తుంగ చాపా, ఫోమ్ మ్యాటా?

నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున గాలాలు వేసి రాత్రంతా ఉండేవాళ్లకి పడక చాలా ముఖ్యం. నడుము పట్టేస్తే తెల్లవారుజామున, సరిగ్గా చేప తగిలే వేళకి, లేవబుద్ధి కాదు.

ఎండాకాలంలో నాకు తుంగ చాపే ఇష్టం. గాలి ఆడుతుంది, వీపుకి చెమట పట్టదు, చుట్టి చంకలో పెట్టుకుని పోవచ్చు. కార్తీకం వచ్చిందంటే మాత్రం మంచుకి తడుస్తుంది, నేల చలి నేరుగా ఒంట్లోకి ఎక్కుతుంది. తడి చాపని ఆరబెట్టకుండా చుట్టేస్తే బూజు పడుతుంది.

ఫోమ్ మ్యాట్ సంగతి వేరు. అందులోని గాలి బుడగలు మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పీల్చదు, నేల చలిని ఆపుతుంది. తడిస్తే గుడ్డతో తుడిస్తే చాలు. పల్లేరుకాయ గుచ్చుకున్నా ఏమీ కాదు. అదే గాలి పరుపైతే ఒక్క ముల్లుకే పని అయిపోతుంది. 10 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి, 6 అయితే కింద గులకరాళ్లు తెలుస్తాయి. ఉక్కపోత రోజుల్లో వీపు ఉడికిపోతుంది, నిజమే. పైన పాత నూలు దుప్పటి పరిస్తే కొంత నయం.

ఒక్కటే కొనాలంటే ఫోమ్ మ్యాటే కొనమంటాను. చాప చాలా ఇళ్లలో ఎలాగూ ఉంటుంది, మార్చి నుంచి దాన్ని బయటికి తీయండి. ఏది పరిచినా నీటి అంచుకి దూరంగా, గట్టు మీదే పరవండి. దోమతెర మరిచిపోవద్దు.