పాత గోల్డ్‌వింగ్‌కు టైమింగ్ బెల్టులు: గేట్స్ టి274 ఏళ్ల తరబడి వాడాక

నా మోటార్‌సైకిల్ 1981 హోండా గోల్డ్‌వింగ్ జీఎల్ 1100 ఇంటర్‌స్టేట్. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్ ఫ్యాక్టరీలో తయారైనది. మేముండే కొలంబస్ నుంచి ఆ ఊరు ఎంతో దూరం కాదు. ఇంజన్‌లో క్రాంక్ (ప్రధాన ఇరుసు) తిరుగుడును వాల్వులు తెరిచే క్యామ్‌లకు చేర్చే రబ్బరు పట్టీలే టైమింగ్ బెల్టులు. ఈ ఇంజన్‌లో గేట్స్ కంపెనీ టి274 బెల్టుల జత ఒకటి పూర్తిగా వాడి తీసేశాను, మళ్లీ అదే నంబర్ వేశాను. కాబట్టి ముందే చెప్పేస్తున్నా: ఈ ఇంజన్‌కు నేను ధైర్యంగా సిఫారసు చేసే బెల్ట్ ఇదే. అయితే బెల్ట్ మంచిదైనంత మాత్రాన పని అయిపోదు. దానితోపాటు చూడాల్సినవి ఉన్నాయి, అవి చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఇక్కడి మనవాళ్లలో పాత బళ్లు కొనేవాళ్లు పెరుగుతున్నారు. ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఇంచుమించు ఇదే: "అన్నా, బెల్ట్ చూడ్డానికి బాగానే ఉంది, ఇప్పుడే మార్చాలా?" ఈ ప్రశ్న ఎందుకొస్తుందో నాకు అర్థమవుతుంది. మనం పెరిగిన బళ్లలో టైమింగ్ బెల్ట్ అనేదే లేదు. బుల్లెట్‌లో క్యామ్‌లు గేర్లతో తిరుగుతాయి. అప్పటి యెజ్డీ టూ స్ట్రోక్ కాబట్టి అందులో క్యామ్, వాల్వులు అసలే ఉండవు. స్ప్లెండర్‌లో ఉండేది చైన్. అది వదులైతే కటకటమని ముందుగానే చెబుతుంది. రబ్బరు బెల్ట్ అలా చెప్పదు. చివరి కిలోమీటర్ దాకా నిశ్శబ్దంగా తిరిగి ఒక్కసారిగా పళ్లు ఊడిపోతాయి.

1975లో వచ్చిన జీఎల్ 1000 నుంచి జీఎల్ 1500 దాకా గోల్డ్‌వింగ్‌కు బెల్టులే. ఇంజన్‌కు రెండు పక్కలా పడుకుని ఉండే సిలిండర్లు, ఒక్కో పక్కకు ఒక క్యామ్, ఒక్కో క్యామ్‌కు ఒక బెల్ట్. ముందు కవర్ వెనక రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగితే క్యామ్ ఆగిపోతుంది, తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్ వచ్చి కొడుతుంది. వాల్వులు వంగితే హెడ్ విప్పాల్సిందే. రెండు రబ్బరు బెల్టుల ఖర్చు దాని ముందు ఏపాటిది? అందుకే "చూడ్డానికి బాగుంది" అన్న మాటను నేను లెక్కలోకి తీసుకోను. బెల్ట్ వయసు తెలియకపోతే మార్చేయమనే చెబుతాను. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నప్పుడు అమ్మినాయన ఎంత నమ్మకంగా చెప్పినా, తేదీ రాసిన బిల్లు లేకపోతే ఆ వయసు తెలియనట్టే.

ఇక ఎంపిక. గేట్స్ బెల్ట్ కార్ల విడిభాగాల షాపులో దొరుకుతుంది, హోండా బెల్ట్ కంటే బాగా చౌక. హోండా సొంత బెల్ట్ దొరికి, కొత్తగా తయారైనదని తెలిస్తే అదీ మంచిదే, వేసుకోండి. ఆన్‌లైన్‌లో కనిపించే మూడో రకం నేను కూడా ఒకసారి తెప్పించి చూశాను: పేరు లేదు, తయారీ తేదీ లేదు, జతలో ఒక బెల్ట్ అంచు మీద దారాలు లేచి ఉన్నాయి. దాన్ని ఇంజన్ దాకా రానివ్వలేదు, తిప్పి పంపేశాను. డబ్బు తిరిగి రావడానికి చాలా ఉత్తరాలు రాయాల్సి వచ్చింది.

బ్రాండ్ కంటే ముందు చూడాల్సింది పన్ను ఆకారం. పాత గోల్డ్‌వింగ్ పుల్లీల గాడులు అడుగున చదునుగా, పక్కలు వాలుగా ఉంటాయి. తర్వాతి తరం కార్ల బెల్టులు చాలావాటికి పళ్లు గుండ్రంగా ఉంటాయి. పొడవు, వెడల్పు కలిసినా గుండ్రటి పన్ను ఆ గాడిలో పూర్తిగా కూర్చోదు, బరువంతా పన్ను మొదలు దగ్గర పడుతుంది. కొత్త బెల్ట్ చేతికి రాగానే పాతదాని పక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టండి, తర్వాత పుల్లీ మీద వేసి వెలుతురుకు ఎదురుగా చూడండి. పన్నుకూ గాడికీ మధ్య వెలుతురు కనిపించకూడదు.

రెండోది రబ్బరు వయసు. అప్పటి బెల్టులు ఎక్కువగా నియోప్రీన్. హెచ్‌ఎన్‌బీఆర్ అనే తర్వాతి రబ్బరు వేడికీ ఆయిల్‌కూ దానికంటే బాగా ఓర్చుకుంటుంది, దొరికితే అదే అడిగి తీసుకోండి. పాతకాలపు హోండా ప్యాకెట్‌లో సీల్ తీయని బెల్ట్ అంటూ కొందరు గొప్పగా అమ్ముతారు. బండిని అచ్చంగా అప్పటిలాగే నిలబెట్టాలనుకునేవాళ్లకు అది చాలా ఆశ పెడుతుంది. దయచేసి కొనకండి. సైడ్ ప్యానెల్ అయితే ప్యాకెట్‌లో నలభై ఏళ్లున్నా పర్వాలేదు. రబ్బరు మాత్రం ప్యాకెట్‌లోనూ ముసలిదవుతుంది. నేను సరుకు వేగంగా అమ్ముడయ్యే షాపులోనే కొంటాను. మడతపెట్టి రబ్బర్ బ్యాండ్ వేసిన బెల్ట్ ఇస్తే తీసుకోను, ఎందుకంటే లోపలుండే గ్లాస్ ఫైబర్ దారాలు గట్టిగా మడిస్తే తెగుతాయి, పైకి ఏమీ కనిపించదు.

మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది టెన్షనర్. బెల్ట్‌ను బిగువుగా ఉంచే ఆ చిన్న చక్రంలో సీల్ చేసిన బేరింగ్ ఉంటుంది, గ్రీజు దశాబ్దాల పాతది. వేలితో తిప్పి చూడండి. మెత్తగా, కొంచెం బరువుగా తిరిగి ఆగితే గ్రీజు ఉన్నట్టు. సర్రున పొడిగా ఆగకుండా తిరిగితే, చాలామంది "భలే ఫ్రీగా ఉంది" అని సంతోషిస్తారు గానీ, గ్రీజు అయిపోయినట్టు. అది బిగుసుకుపోతే కొత్త బెల్ట్ కూడా నిలవదు. నేను బెల్టులతోపాటే రెండు టెన్షనర్లూ మార్చాను. క్యామ్ సీళ్లు, క్రాంక్ ముందు సీల్ దగ్గర ఆయిల్ తడి ఉంటే ముందు దాని సంగతి చూడండి, ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బుతుంది.

బిగించేటప్పుడు ఫ్లైవీల్ మీది టి1 గుర్తు, రెండు క్యామ్ పుల్లీల గుర్తులు కలిశాకే పాత బెల్ట్ తీయాలి. ఒక పక్క క్యామ్‌ను వాల్వ్ స్ప్రింగులు నెడుతుంటాయి, బెల్ట్ తీయగానే అది టక్కున జరగవచ్చు. కంగారు పడకుండా మెల్లగా వెనక్కి తెచ్చుకోండి. టెన్షన్ స్ప్రింగే చూసుకుంటుంది, చేత్తో నెట్టి అదనంగా బిగించకండి. తర్వాత క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి, అప్పుడు క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. గుర్తులన్నీ మళ్లీ కలిస్తేనే కవర్ వేయాలి. స్టార్ట్ చేశాక రేస్ పెంచుతుంటే ఈల లాంటి శబ్దం కూడా పెరిగితే బెల్ట్ ఎక్కువ బిగిసినట్టే. ఆపేసి మళ్లీ సెట్ చేయండి.

మొదటి జత తీసినప్పుడు వెలుతురులో పెట్టి బాగా పరిశీలించాను. పళ్ల మీది గుడ్డ పొర అరగలేదు, కొద్దిగా నునుపెక్కింది. మెల్లగా వెనక్కి వంచి పన్ను మొదళ్లు చూశాను, పగుళ్లు లేవు. కవర్ లోపల నల్లటి పొడి కూడా పెద్దగా లేదు. ఎండాకాలం కొలంబస్ ట్రాఫిక్, వెనక సీట్లో మా ఆవిడ, హైవే మీద గంటలకొద్దీ ఒకే వేగం, చలికాలం నెలల తరబడి గ్యారేజీలో కదలకుండా నిలబడటం, అన్నీ చూసిన బెల్టులవి. ఇంకొన్నాళ్లు నడిచేవేమో కూడా. అయినా అయిదేళ్లు దాటి ఉంచను. బండి ఎంత తక్కువ తిరిగినా సరే.

ఈ నంబర్ జీఎల్ 1000, 1100లకు మాత్రమే. జీఎల్ 1200, 1500 ఉన్నవాళ్లు ఇది చూసి ఆర్డర్ పెట్టకండి, మీ మోడల్, సంవత్సరం చెప్పి షాపులోనే సరిచూసుకోండి.