25 ఆటల్లో 3 గెలుపులు: అనంతపురంలో కూర్చొని ఎంఎల్‌బీ టీవీ చూసిన ఏప్రిల్ నెల

షికాగోలో సాయంత్రం 6:40కి మొదలయ్యే బేస్‌బాల్ ఆట మనకు తెల్లవారి 5:10కి వస్తుంది. ఎండాకాలంలో అక్కడికీ మనకూ పదిన్నర గంటల తేడా. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటలను ఇంటర్నెట్‌లో చూపించే ఎంఎల్‌బీ టీవీ తీసుకోవాలా వద్దా అని అడిగే తోటి పీఈటీలకు (వ్యాయామ టీచర్లకు) నేను మొదట చెప్పేది ఈ టైమే. పాలు పొయ్యి మీద పెట్టి టీవీ ఆన్ చేస్తే, స్కూలుకు బయల్దేరేలోపు ఆట అయిపోతుంది. పిచ్ క్లాక్ వచ్చాక ఆటలు మామూలుగా రెండున్నర గంటలు దాటి పెద్దగా సాగడం లేదు. బేస్‌ల (పరుగు కోసం తిరిగే మూలల) మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో, ఉంటే 18 సెకన్లలో పిచర్ (బంతి వేసేవాడు) బంతి వేయాల్సిందే.

నేను అమ్మాయిలకు సాఫ్ట్‌బాల్ నేర్పిస్తాను. పుస్తకంలో బొమ్మలు చూపించి ఎన్నాళ్ళు నేర్పాలి అనిపించి 2024 మార్చిలో ఈ సర్వీసుకు డబ్బు కట్టాను. మా అక్క కొడుకు షికాగోలో ఉంటాడు. "చిన్నమ్మా, మా ఊరి జట్టు వైట్ సాక్స్‌ను చూడు, ఎవరూ చూడడం లేదు పాపం" అన్నాడు. సరే అన్నాను.

మార్చి 28న డెట్రాయిట్ టైగర్స్‌తో తొలి ఆట. అది మనకు అర్ధరాత్రి దాటాక కాబట్టి పొద్దున రికార్డింగ్ చూశాను. వైట్ సాక్స్ పిచర్ గారెట్ క్రోషే ఆరు ఇన్నింగ్స్ వేశాడు. 8 మందిని మూడేసి స్ట్రైకులతో (బ్యాటర్ కొట్టలేకపోయిన, లేదా కొట్టకుండా వదిలేసిన మంచి బంతులతో) అవుట్ చేశాడు, ఒక్కరికి కూడా ఊరికే బేస్ ఇవ్వలేదు. అయినా 1-0తో ఓడిపోయారు. ఎడమచేత్తో అంత బాగా వేసినవాడికి ఒక్క పరుగు చేసిపెట్టలేకపోయారే అని ఆ రోజంతా మనసు బాగాలేదు. తర్వాత ఎలోయ్ హిమెనెస్, లూయిస్ రాబర్ట్, యోవాన్ మొంకాడా వరసగా గాయపడ్డారు. పరుగులు చేయాల్సిన ముగ్గురూ బయట కూర్చున్నారు. 25 ఆటలు ముగిసేసరికి గెలిచినవి 3, ఓడినవి 22.

ఇలాంటి జట్టును చూసేవాళ్ళకు ఈ యాప్‌లో బాగా పనికొచ్చేది స్కోర్లు దాచే సెట్టింగ్. దాన్ని ఆన్ చేస్తే ఫలితం ముందే కంట పడదు, రికార్డింగ్ కూడా లైవ్ లాగే టెన్షన్‌తో చూడొచ్చు. ఓడిపోతారని ముందే తెలిస్తే మనం ఆట చూడం, తప్పులు మాత్రమే వెతుకుతాం.

ఆట ముగిశాక కుదించిన వీడియో కూడా పెడతారు. పది నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది. గెలిచే జట్టు అభిమానికి అది చాలు. వైట్ సాక్స్‌ను మాత్రం పూర్తి ఆటలోనే చూడాలి. ఎదుటివాళ్ళు బంతిని కంచె దాటించి కొట్టిన హోమ్ రన్ చిన్న వీడియోలోనూ ఉంటుంది. కానీ దానికి ముందు ఇద్దరికి నాలుగేసి బాల్స్ (గురి తప్పిన బంతులు) వేసి బేస్‌లు ఇచ్చేసిన సంగతి, రెండు స్ట్రైకులు పడ్డ బ్యాటర్ ఒకదాని తర్వాత ఒకటి ఫౌల్స్ (గీత బయటికి పోయే బంతులు) కొట్టి పిచర్ చేత అదనంగా బంతులు వేయించిన సంగతి పూర్తి ఆటలోనే తెలుస్తాయి. వాళ్ళు ఓడిపోయేది అక్కడే. నా పిల్లలకు నేను చూపించాల్సిందీ అదే.

చాలా ఆటలకు రెండు జట్ల కామెంటరీలూ ఉంటాయి, మనకు నచ్చినది పెట్టుకోవచ్చు. షికాగో కామెంటరీ పెట్టుకోండి. అందులో స్టీవ్ స్టోన్ ఉంటాడు. 1980లో బాల్టిమోర్ తరఫున 25 ఆటలు గెలిచి, ఏడాదిలో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్న పిచర్ ఆయన. బంతి ఎందుకు పైకి తేలిందో, తర్వాతి బంతి ఎక్కడ పడాలో ముందే చెప్తాడు. జట్టు ఇంత ఓడుతున్నా ఆయన విసుక్కోకుండా వివరిస్తూనే ఉంటాడు. పాఠం చెప్పేవాళ్ళకు ఆ ఓర్పు ఎంత అవసరమో నాకు తెలుసు.

సాఫ్ట్‌బాల్ వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మన పిచింగ్ కింది నుంచి, వాళ్ళది పైనుంచి. మన బేస్‌ల మధ్య 60 అడుగులు, వాళ్ళకు 90. మనకు 7 ఇన్నింగ్స్, వాళ్ళకు 9. కాబట్టి పిచింగ్ దీన్ని చూసి నేర్పొద్దు. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ కూర్చునే తీరు, అవుట్‌ఫీల్డ్ నుంచి బంతిని మధ్యలో ఒకరు అందుకొని విసరడం, బేస్ తిరిగేటప్పుడు ఏ కాలు ఎక్కడ పడాలో చూపించడానికి మాత్రం ఇంతకన్నా మంచి సాధనం నాకు దొరకలేదు. వెనక్కి జరిపి నాలుగుసార్లు చూపిస్తే కూడేరు నుంచి వచ్చే మా క్యాచర్ పిల్లకు నేను నెలరోజులు చెప్పినా రానిది ఒక పూటలో వచ్చింది.

కట్టేటప్పుడు నా కార్డు మొదట పనిచేయలేదు. బ్యాంకుకు పోయి విదేశీ చెల్లింపులు ఆన్ చేయించుకోవాల్సి వచ్చింది, డాలర్ మార్పిడికి వాళ్ళ ఛార్జీ అదనం. సగటు జీతగాళ్ళకు ఇది చిన్న ఖర్చేమీ కాదు. డబ్బు కట్టేముందు ఊరికే అకౌంట్ తెరిచి, రోజుకొకటి ఉచితంగా ఇచ్చే ఆట చూసి మీ ఇంటి నెట్ తట్టుకుంటుందో లేదో తేల్చుకోండి.

ఇక ఏప్రిల్ 28, ఆదివారం. వేసవి సెలవులు, ఎలక్షన్ డ్యూటీ ట్రైనింగ్ లేని పూట. ఆరింటికే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పిల్లలను రమ్మన్నాను. టాంపా బే రేస్ జట్టుతో ఆట పదో ఇన్నింగ్స్‌కు పోయింది. ప్రాక్టీస్ ఆపి వేపచెట్టు కింద అందరం నా ఫోన్ చుట్టూ చేరినాం. "మేడం, మళ్ళీ ఓడిపోతారా?" అని ఒక పిల్ల మెల్లగా అడిగింది. నాకు జవాబు రాలేదు. ఒక పరుగు వెనకబడి, బేస్ మీద మనవాడు ఒకడు ఉండగా వైట్ సాక్స్ బ్యాటర్ ఆండ్రూ బెనింటెండి బంతిని కంచె దాటించాడు, 8-7. ఆ ఆటలో అది ఆయన రెండో హోమ్ రన్. పిల్లలు అరిచిన అరుపుకు వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఆగి చూశారు. ఆ మరుసటి ఆట కూడా 4-2తో గెలిచి రేస్‌తో ఆడిన మూడు ఆటలూ వైట్ సాక్స్ వాళ్ళే తీసుకున్నారు. నేను అందరికీ ఉగ్గాణి, బజ్జి తెప్పించాను.

ఆ ఏడాది వాళ్ళు చివరికి 121 ఆటలు ఓడారు. 1900 తర్వాత మేజర్ లీగ్‌లో ఏ జట్టూ ఒక్క సీజన్లో అన్ని ఓడలేదు. నేను నెలనెలా కట్టుకుంటూ సెప్టెంబరు దాకా చూశాను. పిల్లలకు నేర్పేవాళ్ళు, నాలాగే తెల్లవారి లేచేవాళ్ళు తీసుకోండి. ముందు ఏప్రిల్ ఒక్క నెలకు కట్టి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడండి.