ఎన్ఎస్ఎస్ క్యాంపా, ట్రస్టు తోటల ఆదివారాలా: డిగ్రీ పిల్లలకు ఏది మేలు?

నల్లగొండ, పాలమూరు దిక్కు డిగ్రీల చేరిన పిల్లలు జూలై వచ్చిందంటే ఇదే అడుగుతరు. సేవా కార్యక్రమం ఏదో ఒకటి చేయాలె, ఎన్ఎస్ఎస్ల (జాతీయ సేవా పథకంల) పేరిచ్చి ఏడు రోజుల క్యాంపుకు పోవాల్నా, లేకపోతే ఊరి బయట ట్రస్టోళ్లు నడిపే తోట ఉంటది గదా, పండిన కూరగాయలు లాభానికి అమ్మకుండ అనాథ పిల్లల హాస్టల్‌కో వృద్ధాశ్రమానికో పంపిస్తరు, ఆ తోటకు వారం వారం పోవాల్నా అని. రెండిట్లనూ పనిచేసిన కాబట్టి సూటిగనే చెప్తున్న, వీలున్నోళ్లు తోటకే పోవాలె, అది కూడా ఒక పంట విత్తనం కాడికెళ్లి కోత దాకా పోవాలె. కాకపోతే అందరికీ అదే సరిపోదు, క్యాంపే మేలైనోళ్లు కూడా ఉంటరు.

ముందు ఎన్ఎస్ఎస్. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాదిల మొదలైన పథకం. లెక్క సాఫ్‌గ ఉంటది: ఏడాదికి 120 గంటలు, రెండేండ్లకు 240, దాంతోపాటు ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఒకటి, ఇవన్నీ పూర్తయితేనే సర్టిఫికెట్. క్యాంపంటే దత్తత తీసుకున్న ఊర్ల బడిలనే పడక, పొద్దుగాల శ్రమదానం, పగటిపూట ఇంటింటి సర్వే, మాపటికి ఆటపాట. ఇంట్ల నలుగురి ముందు నోరు తెరవని పిల్ల కూడా మూడో రోజుకల్లా తెలువని ఇంటి తలుపు కొట్టి, అవ్వా పింఛన్ వస్తుందా, నీళ్లు ఏడికెళ్లి తెచ్చుకుంటున్నరు అని అడుగుతది. మర్రిగూడ, మునుగోడు దిక్కు క్యాంపు పడిందనుకో, ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకరపోయిన ముసలోళ్ల పక్కన కూసొని మాట్లాడుతరు. అది పుస్తకంల చదివితే వచ్చేది కాదు, ఈ విషయంల క్యాంపుకు సాటి లేదు.

మరి లోపమేంది అంటే ఏడు రోజులే. ఎనిమిదో రోజు బస్సెక్కి వచ్చేస్తం, మనం చేసిన పని ఏమైందో చూసెటోడు ఉండడు. మొక్కలు నాటుడు తీసుకోండి, క్యాంపు చలికాలం చివర్ల పడితే అప్పుడు నాటిన మొక్క వేరు పట్టకముందే ఎండలు ముదురుతయి, మనది ఎర్ర చెల్క, నీళ్లు పట్టి ఉంచే నేల కాదు, వారం నీళ్లు పోయకుంటే కత ఖతం. ఫోటోల మొక్క ఉంటది, ఊర్ల ఉండదు. పిల్లల తప్పు కాదు అది, టైమే అంత.

తోటల అట్ల కాదు. పోయిన వారం నువ్వు చేసిన పని ఈ వారం నీ కండ్ల ముందటనే ఉంటది, మంచిగ చేసినా, చెడగొట్టినా. కొత్తిమీర మడిల కలుపు తీయమంటే తెలుస్తది. మన దగ్గర వయ్యారిభామ లేని జాగ లేదు, అది చిన్నగున్నప్పుడు దాని ఆకు చీలికలు చీలికలుగ ఉండి కొత్తిమీర లెక్కనే అగుపడుతది, కొత్తగ వచ్చిన పిల్లలు ధైర్యంగ కొత్తిమీర పీకి వయ్యారిభామను ఉంచుతరు. కూలికొచ్చే అమ్మలు నవ్వరు, పక్కన కూసొని ఒక ఆకు తుంచి వాసన చూపిస్తరు, అంతే, ఇంక జన్మల మర్చిపోరు. తోటకూర మడిల ముండ్లతోటకూర కూడా అంతే. కలుపు ఎప్పుడు తీయాలె అనేది కూడా అక్కడనే అర్థమైతది, వాన పడి పదును మీద ఉన్నప్పుడు వేరుతో సహా వస్తది, నేల ఎండితే కాడ తెగి వేరు లోపలనే ఉంటది, పది రోజులకు మళ్ల అదే పని. గరిక, తుంగ సంగతైతే చెప్పనే వద్దు, ఇంత ముక్క మిగిలినా మొలుస్తది.

జీవామృతం అనే ద్రవ ఎరువు కలిపే పని కూడా ఒక్కసారన్న చేయాలె. 200 లీటర్ల డ్రమ్ముల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల దాకా ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడల పెట్టి రెండు రోజులు పొద్దున మాపున కట్టెతో తిప్పాలె, ఎకరానికి సరిపోతది. ఎవరన్న ఈ లెక్క రాసుకొని పోతరు, గాని దాన్ని డ్రిప్పుల ఇడిసేటప్పుడు గుడ్డతో గట్టిగ వడగట్టకపోతే డ్రిప్పర్లు మూసుకపోతయి, చివరి సాలు మొక్కలు వాడిపోతయి, అప్పుడు పైపు ఎంట నడుసుకుంట ఒక్కొక్క డ్రిప్పర్ తీసి కడగాలె. తెల్లారి లేచి ఆ పైపు కడిగిన పిల్లగాడు ఇంక ఎన్నడూ రైతును చూసి ఏముంది మోటరేస్తే నీళ్లు పోతయి అనడు. నేను తోట దిక్కు మొగ్గేది దీనికే.

అయితే తోటకు పోతే సేవ చేసినట్టేనా అనేది వేరే ప్రశ్న, దీన్ని ఎవ్వరూ అడగరు, అడగాలె. మొదటి నెల రోజులు మనతోని తోటకు లాభం తక్కువ, పని నేర్పించేటోళ్ల టైమే ఎక్కువ పోతది. అందుకే నాలుగు ఆదివారాలు పోయి ఆపేసుడంటే తోటోళ్లకు భారం పెట్టి వచ్చినట్టు. రెండోది ఇంకా పెద్దది. పాలమూరు అంటేనే కూలి కోసం బొంబాయికి, పుణెకు వలస పోయిన జిల్లా, అసొంటి కాడ కూలి ఇచ్చి చేయించుకునే కలుపు పనిని కాలేజీ పిల్లలతోని ఉత్తగ చేయించుకొని ఊరి ఆడోళ్లకు కూలి తప్పించే తోట ఏదన్న ఉంటే అది సేవ కానే కాదు, అట్లాంటి దాంట్లకు పోవద్దు. మంచి తోటల కూలోళ్ల పని కూలోళ్లకే ఉంటది, పిల్లలకు వేరే పని ఇస్తరు, నారు ట్రేలల్ల కోకోపిట్ (కొబ్బరి పీచు పొడి) నింపుడు, విత్తనం ఏరి పేరు, తారీఖు రాసి డబ్బలల్ల పెట్టుడు, కోసిన కూరగాయలు తూకమేసి ఏ హాస్టల్‌కు ఎంత పోయిందో పుస్తకంల ఎక్కించుడు. కూలోళ్ల పక్కన కూసొని కలుపు తీసేది నేర్చుకునేతందుకు, వాళ్లను తీసేసేతందుకు కాదు.

కొందరు అంటరు, అన్నా, మా ఇంట్లనే నాలుగెకరాల చేనుంది, నాయనతోని రోజూ పోతనే ఉంటం, మళ్ల తోటెందుకు అని. నిజమే, అసొంటి పిల్లలకు నేను క్యాంపే చెప్తా. కలుపు తీసుడు వాళ్లకు కొత్త కాదు, జనంల మాట్లాడుడు కొత్త. పత్తి ఏరేటప్పుడు, పల్లి పీకేటప్పుడు ఇంట్ల మనిషి అవసరం పడుతది, అప్పుడు ఆదివారం తోటకు పోయి ఇంటి పని ఎగ్గొట్టుడు కూడా న్యాయం కాదు. టౌన్ల పుట్టి పెరిగినోళ్లకే తోట ఎక్కువ పనికొస్తది.

ఖర్చు పెద్ద తేడా ఏం లేదు. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ కెళ్లి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీనే, మగపిల్లలకే ఛార్జీలు చూసుకోవాలె. ఎండ మాత్రం ఆలోచించాలె, మే నెలల నల్లగొండ ఎండల తోటపని మొదలుపెడితే రెండో వారమే మానేస్తరు. వానకాలం పంటతోని జూలైల మొదలుపెట్టి, పొద్దుగాల ఆరు గంటలకు పోయి పదకొండు కొట్టేసరికి బయటపడాలె, అట్లయితే పంట అయిపోయేదాక నిలబడుతరు. నిండు బూట్లు ఏసుకోవాలె, గడ్డిల పాములుంటయి. వయ్యారిభామ ఒంటికి పడక దద్దుర్లు వచ్చేటోళ్లున్నరు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. పురుగుమందు కొట్టే పని ఎవరు చెప్పినా చేయొద్దు.

సర్టిఫికెట్ కావాల్నంటే మాత్రం తోట ఒక్కటే చాలదు, ట్రస్టోళ్లు ఇచ్చే కాగితానికి ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్‌కున్న ఇలువ ఉండదు. అందుకే ఎన్ఎస్ఎస్ల పేరిచ్చి, తోటల చేసిన గంటలు వర్క్ డైరీల ఎక్కిస్తరా అని ప్రోగ్రాం ఆఫీసర్ సార్‌ను పోకముందే అడిగి ఒప్పించుకోవాలె, పంట అయిపోయినంక అడిగితే ఎవరూ సంతకం పెట్టరు. సార్ ఒప్పుకుంటే రెండూ కలిసొస్తయి, క్యాంపు ఎట్లాగూ ఏడు రోజులే. ఒప్పుకోకపోతే, సర్టిఫికెట్ అవసరం ఉన్నోళ్లు క్యాంపుకు పోండి, లేనోళ్లు తోటకు పోండి.

తోటోళ్లకు ఫోన్ చేసినప్పుడు కూరగాయలు ఎవరికి పోతయి, కూలికి ఎంతమంది వస్తరు, పిల్లలకు ఏం పని ఇస్తరు, తాగే నీళ్లు మిషన్ భగీరథ నల్లావా బోరువా, ఈ నాలుగూ అడగండి. కూలోళ్ల మాట దాటేస్తే ఆ తోట వద్దు, ఇంకోటి చూసుకోండి.